ఫౌజీ వకీలు

వకీలును మార్చాలని కావ్య అనుకున్నది వేములవాడ కోర్టు వరండాలో, వాన పడుతున్న ఒక జూలై పొద్దున. అప్పటికి కేసు నమోదై ఇరవై రెండు రోజులైంది.

ఆ రోజు పరశురాములు వకీలు ఒకటే వకాలత్ మీద అన్నదమ్ములిద్దరి సంతకాలు పెట్టించుకుంటానన్నాడు. అన్న కైలాసం వెంటనే పెట్టాడు. తమ్ముడు నరేశ్ కావ్య భర్త. సైన్యంలో హవల్దారు. సెలవు అయిపోయి పఠాన్‌కోట్ దగ్గరున్న తన యూనిట్‌కు వెళ్లిపోయాడు. ఆయన సంతకం కోసం కాగితం పోస్టులో పంపమని వకీలు కావ్య చేతికిచ్చాడు. ఆమె కాగితం మొత్తం చదివింది. మీసేవలో ఆపరేటర్‌గా పనిచేసేది కాబట్టి, చదవకుండా ఏ కాగితమూ పక్కకు పెట్టే అలవాటు లేదు. మొదటి ముద్దాయి నరేశ్, రెండో ముద్దాయి కైలాసం అని ఉంది.

కొట్టినాయన పేరు రెండోది, ఆపినాయన పేరు మొదటిది ఎట్లా అయిందని ఆమె అడిగింది. ఫిర్యాదులో అట్లనే రాసిచ్చారని, కోర్టులో వరుసకు పెద్ద అర్థం ఉండదని పరశురాములు చెప్పాడు. నా భర్తకు వేరే వకాలత్ వెయ్యండి అంది కావ్య. అప్పుడాయన కళ్లద్దాలు తీసి, పక్కన కూర్చోమన్నాడు.

"ఇది ఒక్క ఇంటి కేసు బిడ్డా. ఇద్దరు వకీళ్లు వచ్చిన్రంటే తమ్ముడు అన్న మీద చెప్పాలె, అన్న తమ్ముని మీద చెప్పాలె. గా ఓంప్రకాశ్ చెయ్యి అతికేదాంక కోపంగనే ఉంటడు. అతికినంక నేనే కూసోబెట్టి మాట్లాడ్త. నాకు జర టైం ఇయ్యి."

టైం ఇవ్వడం అంటే వాయిదాలు అడగడమేనని కావ్యకు తెలుసు. ఇంతలో ఆయన వేరే క్లయింటు పిలిస్తే లేచిపోయాడు. ఆయన కోటు జేబు కుట్లు ఊడిపోయి వేలాడుతోంది. నరేశ్ యూనిఫారం ఇస్త్రీ మడత ఎట్లా ఉంటుందో ఆమెకు గుర్తొచ్చింది. ఈయన చేతిలో నా భర్త ఉద్యోగం పెట్టలేననుకుంది.

జరిగింది చిన్న విషయం కాదు, అట్లాగని పెద్దదీ కాదు. ఇంటి వెనక కైలాసం మరమగ్గాల షెడ్డు ఉంది. నూలు చుట్టిన బీములు ట్రాలీ ఆటోలో రావాలంటే పక్క జాగా అంచు నుంచే దారి. ముప్పై ఏళ్లుగా ఎవరూ అడ్డుచెప్పలేదు. ఆ జాగా కొన్న ఓంప్రకాశ్ జూన్‌లో గోడ మొదలుపెట్టాడు. కాగితాల ప్రకారం జాగా ఆయనదే. కైలాసం రెండు రోజులు మాటలతో చెప్పాడు. మూడో రోజు షెడ్డులోంచి ఇనుప రాడ్డు తీసుకొచ్చి కొట్టాడు. ఓంప్రకాశ్ కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. స్నానం చేస్తున్న నరేశ్ తువ్వాలతోనే ఉరికొచ్చి అన్నను వెనకనుంచి గట్టిగా పట్టుకున్నాడు. ఆ పెనుగులాటలో ముగ్గురూ ఇసుకకుప్ప మీద పడ్డారు. అంతే.

ఫౌజులో ఉన్నవాడి పేరు ముందు పెడితే ఇంటివాళ్లు తొందరగా దారికొస్తారని ఎవరో ఓంప్రకాశ్‌కు చెప్పారట. పోలీసులు నోటీసులిచ్చి ఇద్దరినీ వదిలారు గాని, రివాజు ప్రకారం నరేశ్ యూనిట్‌కు ఒక ఉత్తరం రాశారు.

మరుసటి వారం కావ్య కరీంనగర్ వెళ్లింది. సైనికుల క్యాంటీన్‌లో సామాన్లు తెచ్చుకునేటప్పుడు అక్కడివాళ్లు చెప్పుకునే పేరు ఒకటి ఆమెకు గుర్తుంది. కల్నల్ శ్రీహరి. సొంతూరు హుజూరాబాద్. ఇరవై రెండేళ్లు సైన్యంలోనే న్యాయశాఖలో పనిచేసి, రిటైరై వచ్చి, కోర్టు చౌరస్తా దగ్గర మేడ మీద గదిలో క్రిమినల్ కేసులు చూస్తున్నాడు. పదకొండు గంటలకు రమ్మన్నాడు. ఆమె పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువకు పోతే, ఆయన అప్పటికే బల్ల ముందు పెన్నూ తెల్లకాగితాలూ పెట్టుకుని ఉన్నాడు. గంటసేపు మధ్యలో ఆపకుండా విన్నాడు. ఫోను మోగితే ఎత్తలేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో కాగితం మీద గీయించుకున్నాడు.

"ఊరి కోర్టుల ఇది ఆరేండ్లు నడుస్తదమ్మా. ఆరేండ్లు ఆయనకు ప్రమోషన్ ఉండది. ఆఖరికి శిక్ష పడ్డదనుకో, నౌకరి పోతది. ఫౌజుకు ఒక హక్కుంది. తన జవాను కేసును తానే విచారిస్తనని కమాండింగ్ ఆఫీసర్ ఉత్తరం రాస్తే, ఇక్కడి జడ్జి అప్పజెప్తడు. ముగ్గురు ఆఫీసర్లు కూసుంటరు, నేను పోయి వాదిస్త. ఉన్నది ఉన్నట్టు చూస్తరు. మూడు నెలలల్ల అయిపోతది."

నరేశ్ కమాండింగ్ ఆఫీసర్ ఆయనకు తెలిసినవాడే. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్‌లో ఉన్నారట, న్యాయమైన మనిషట. ఫీజు సంగతి అడిగితే, జవాన్ల దగ్గర తీసుకోనన్నాడు. కావ్య మెట్లు దిగేటప్పుడు ఆమె కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. ఒక చదువుకున్న మనిషి, మర్యాద తెలిసిన మనిషి తన మాట పూర్తిగా విన్నాడు.

ఫోనులో చెప్పినప్పుడు నరేశ్ రెండే ప్రశ్నలు అడిగాడు. నిజంగా కల్నలేనా? మన మాట విన్నాడా? అవునంది. "అయితే సాబ్ చెప్పినట్టే చెయ్యి," అన్నాడు. ఆయన గొంతులో నెల రోజుల తరువాత నిద్రపోబోయే మనిషి తృప్తి వినిపించింది.

ఇంట్లో చెప్పడమే కష్టమైంది. అత్త సత్తమ్మ అన్నం వడ్డిస్తూ చెయ్యి ఆపింది. ఇద్దరూ నా కొడుకులే కదా, ఒకనికి ఊరి కోర్టు, ఒకనికి ఫౌజు కోర్టు ఎందుకని అడిగింది. కావ్య ఓపిగ్గా చెప్పింది. కైలాసం తలెత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక మాత్రం అడిగాడు.

"గా వకీలు నా గురించి ఏం చెప్తడు?"

"ఉన్నది చెప్తడు బావా," అంది కావ్య.

ఆ జవాబులో అబద్ధం లేదు. కానీ అంటున్నప్పుడు తనకు కొంచెం హాయిగా అనిపించిన సంగతి ఆమె తరువాత ఎన్నోసార్లు తలచుకుంది. పెళ్లయి తొమ్మిదేళ్లు. అన్న కోపాన్ని తమ్ముడు సర్దడం, అన్న నోటిదురుసుకు తమ్ముడు పోయి క్షమాపణ చెప్పి రావడం ఆమె చూస్తూనే ఉంది. ఈ ఒక్కసారి ఎవరిది వారికే ఉండాలనుకుంది.

ఆగస్టులో కల్నల్ రాసిన ఉత్తరానికి ఫలితం వచ్చింది. యూనిట్ నుంచి కోర్టుకు లేఖ చేరింది. జడ్జి నరేశ్ వరకు కేసు విడదీసి సైన్యానికి అప్పగించాడు. ఆ రోజు కోర్టు వరండాలో పరశురాములు ఆమెను చూశాడు. నమస్తే పెడితే తల మాత్రం ఊపాడు.

సెప్టెంబర్ చివర కమాండింగ్ ఆఫీసర్‌కు బదిలీ అయింది.

కొత్తగా వచ్చినాయన కల్నల్ శ్రీహరికి తెలియదు. ఆ ఏడు అదే డివిజన్‌లో సెలవు మీద పోయిన జవాన్లు ఊళ్లల్లో గొడవలు పడ్డ సంగతులు ఇంకో రెండు జరిగాయట. పై నుంచి గట్టిగా ఉండమని మాట వచ్చిందట. ముగ్గురు ఆఫీసర్ల కోర్టు అక్కర్లేదని, పైవాళ్ల అనుమతి తీసుకుని తానే విచారిస్తానని కొత్తాయన నిర్ణయించాడు. ఈ మాట కల్నల్ కావ్యకు ఫోనులో చెప్పాడు. ఎప్పుడూ గబగబా మాట్లాడే మనిషి ఆ రోజు మాటమాటకూ ఆగాడు.

"దాన్ని సమ్మరీ అంటరమ్మా. అండ్ల సీఓ, అంటె కమాండింగ్ ఆఫీసర్, ఒక్కడే కోర్టు. వకీలు ముద్దాయి పక్కన కూసోవచ్చు. లేచి మాట్లాడనియ్యరు."

"మాట్లాడనియ్యకపోతె మిమ్మల్ని ఎందుకు పెట్టుకున్నట్టు సార్?"

చెవిలో చెప్పవచ్చునని, ప్రశ్నలు రాసిస్తే నరేశే అడగవచ్చునని ఆయన అన్నాడు. ఇట్లాంటి కేసును సమ్మరీలో పెట్టడం సరికాదని తాను రాతపూర్వకంగా అభ్యంతరం పంపానన్నాడు. ఇక ఒక్కటే దారి, కైలాసం వచ్చి కొట్టింది నేనేనని చెప్పాలి. ఆయన పేరు మీద సమన్లు రిజిస్టర్ పోస్టులో పంపిస్తున్నామన్నాడు.

కవరు శుక్రవారం వచ్చింది. కైలాసం సంతకం పెట్టి తీసుకున్నాడు. ఇంగ్లిషులో ఉన్న ఆ కాగితాన్ని పరశురాములుకు చూపించుకొచ్చాడు. అక్కడ ఏం చెప్పినా అది కాగితమై ఇక్కడికే తిరిగొస్తుందని, తన కేసు తన నోటితోనే ముగుస్తుందని వకీలు హెచ్చరించాడట. అందులో తప్పు కూడా లేదు. తన క్లయింటుకు ఆయన చెప్పాల్సిందే చెప్పాడు.

ఆ కవరు షెడ్డు కిటికీలో, నూలు కండెల పక్కన నాలుగు రోజులుంది. కావ్య రోజూ మీసేవకు పోయేటప్పుడు ఆ కిటికీ ముందు నుంచే పోయింది. లోపల మగ్గాల చప్పుడు. ఆగి అడగాలని ప్రతిరోజూ అనిపించింది. నీ దెబ్బకు నా భర్త ముద్దాయిగా నిలబడుతుంటే నేను వచ్చి బతిమాలాలా అని కూడా ప్రతిరోజూ అనిపించింది. అయిదో రోజు కవరు అక్కడ లేదు. కైలాసం మాత్రం మగ్గం ముందే ఉన్నాడు. పఠాన్‌కోట్ పోవాల్సిన రైలు ఆ పొద్దున్నే వెళ్లిపోయింది.

విచారణ రోజున కల్నల్ శ్రీహరి తన ఖర్చులతో వెళ్లి నరేశ్ పక్కన కూర్చున్నాడు. అక్కడ జరిగింది కావ్యకు తరువాత ఆయనే చెప్పాడు, నరేశ్ ఎప్పుడూ చెప్పలేదు.

ఓంప్రకాశ్ వచ్చాడు. చెయ్యిలో డాక్టర్లు వేసిన రాడ్డు వల్ల ఇంకా వేళ్లు పూర్తిగా ముడుచుకోవట్లేదు. ఇద్దరూ మీద పడ్డారని, ఎవరి వల్ల విరిగిందో ఆ పెనుగులాటలో తెలియలేదని చెప్పాడు. కల్నల్ చీటీల మీద పదకొండు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాడు. రాడ్డు ఎవరి చేతిలో చూశావు, నరేశ్ చేతిలో ఏముంది, తువ్వాల కాక ఇంకేమైనా ఉందా, ఇట్లా. వాటిని నరేశ్ చదివి అడగాలి. పద్నాలుగేళ్లు ఆఫీసర్ ముందు సావధానంగా నిలబడి జవాబు చెప్పడమే గాని, అడగడం ఆయనకు అలవాటు లేదు. మొదటి రెండు ప్రశ్నలు అడిగాడు. రెండోదానికి సీఓ తలెత్తి, అవసరమైనవే అడుగు అన్నాడు. నరేశ్ మిగిలిన చీటీలు మడిచి చేతిలో పెట్టుకుని, ఇక ప్రశ్నల్లేవు సర్ అన్నాడు. కల్నల్ కింద నుంచి ఆయన చొక్కా అంచు పట్టి లాగాడు. నరేశ్ కదల్లేదు.

డిఫెన్స్ సాక్షి పేరు రెండుసార్లు పిలిచారు. ఎవరూ రాలేదని రాసుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నానికి అయిపోయింది. ఉద్యోగం నుంచి తొలగింపు. ఇంకో రెండు నెలలుంటే పదిహేనేళ్లు నిండి పెన్షన్ హక్కు వచ్చేది. ఇట్లా తీసేసినవాళ్లకు మామూలుగా అది రాదు.

రామగుండం స్టేషన్‌లో కావ్య ఎదురుచూసింది. రైలు దిగిన ఇద్దరినీ దూరం నుంచే గుర్తుపట్టింది. నల్ల ఇనుప ట్రంకు ఒక పక్క నరేశ్ పట్టుకున్నాడు, ఇంకో పక్క కల్నల్ పట్టుకోబోతే వద్దు సాబ్, వద్దు సాబ్ అంటున్నాడు. చివరికి నరేశ్ ట్రంకును తల మీదికెత్తుకున్నాడు. కల్నల్ వెనక వట్టి చేతులతో నడిచాడు. కావ్య ఏదో అనాలనుకుని వచ్చింది. ఆ ఇద్దరినీ చూశాక ఆటో పిలవడానికి ముందు నడిచింది.

డిసెంబర్ లోక్ అదాలత్‌లో కైలాసం కేసు రాజీ అయింది. పరశురాములు అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఓంప్రకాశ్‌ను రెండుసార్లు ఇంటికి పోయి కలిసి, ఆసుపత్రి ఖర్చు ఇప్పించి, గోడను మూడడుగులు వెనక్కు జరిపించాడు. పొద్దున పదిన్నరకు పిలుపు, పన్నెండులోపల సంతకాలు. ఇంకో ముద్దాయి ఏమయ్యాడని జడ్జి అడిగితే, ఆయనది ఫౌజులోనే అయిపోయింది సార్ అని ఎవరో అన్నారు. జడ్జి కాగితం తిప్పాడు. నరేశ్ పేరు ఆ కేసులోనే ఉండి ఉంటే ఆ రోజు ఆయన సంతకమూ అక్కడే పడేది, శిక్ష అనే మాటే వచ్చేది కాదు. కావ్యకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. మీసేవలో కూర్చుని, వచ్చినవాళ్ల దరఖాస్తులు కొడుతూ, ఆమె తనకు తానే పూర్తిగా అర్థం చేయించుకుంది.

ఆ తరువాత ఒకసారి కరీంనగర్ వెళ్లింది. సైనిక ట్రిబ్యునల్‌లో వెయ్యాల్సిన పిటిషన్ కల్నల్ అప్పటికే తయారు చేసి ఉంచాడు. సమ్మరీ పెట్టడమే చట్టవిరుద్ధమని నలభై పేజీలు రాశాడు. గెలుస్తామన్నాడు, ఎప్పుడో మాత్రం చెప్పలేనన్నాడు. కావ్య ఆ పేజీలను ముట్టుకోలేదు.

"కేసు ఊరి కోర్టులనే ఉంచితె అయిపోతుండె గద సార్. మీకు తెలువదా?"

కల్నల్ ఆ పేజీలను ఒక పక్కకు జరిపాడు. తప్పించుకునే మాట ఏదైనా చెబితే ఆమె కోపం తెచ్చుకునేది. ఆయన చెప్పలేదు.

"ఇరవై రెండేండ్లు నేను జడ్జీల పక్కన కూసున్ననమ్మా. వాళ్లకు చట్టం చెప్పిన. ముద్దాయి పక్కన కూసుంటె గా గది ఎట్ల కనబడ్తదో మొన్ననే చూసిన. నాకు తెలిసిన ఫౌజే అనుకున్న. నమ్మిన."

ఊళ్లో ఇది తెలిసినవాళ్లు, పైసలు తీసుకోని వకీలు అట్లనే చేస్తడని నవ్వారు. కావ్యకు నవ్వు రాలేదు. తీసుకుని ఉంటే, పోయి ఆయన మేడ మెట్ల మీద నిలబడి నాలుగు మాటలు అడిగేది. అబద్ధమాడని మనిషినీ, మోసం చేయని మనిషినీ ఏమని అడుగుతుంది?

నరేశ్ నెల రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. సైనిక సంక్షేమ కార్యాలయానికి పోతే మాజీ సైనికుల కార్డు ఇవ్వడం కుదరదన్నారు. బ్యాంకుల్లో గార్డు ఉద్యోగాలకు సర్వీసు కాగితం అడిగారు. ఆ కాగితంలో తొలగింపు అని ఉంది. ఫిబ్రవరిలో ఒక రోజు తనంతట తానే లేచి, అన్న షెడ్డులోకి పోయి, ఖాళీగా ఉన్న రెండు మగ్గాల ముందు నిలబడ్డాడు. కైలాసం ఏమీ అడగకుండా దారం అతకడం చూపించాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే కప్పు కింద పనిచేస్తున్నారు. మాట్లాడుకోవాల్సినవి సత్తమ్మ ద్వారా మాట్లాడుకుంటారు. నూలు అయిపోయిందని చెప్పు, కరెంటు పోతదట చెప్పు. ఆమె ఇద్దరికీ మధ్య పీట వేసుకుని కూర్చుని, వినపడినా వినపడనట్టు మళ్లీ చెబుతుంది.

ఒక సాయంత్రం సత్తమ్మ గుడికి పోయింది. చాయ్ ఇవ్వడానికి షెడ్డులోకి పోయిన కావ్యకు కైలాసం ఒక్కడే కనిపించాడు. గ్లాసు తీసుకుని, మగ్గం ఆపి, ఎప్పుడో అనాల్సింది అప్పుడన్నాడు.

"కాగితం వచ్చింది కావ్యా. మనిషి రాలే."

"ఒక్క గోడ అవతలనే ఉంటి బావా. నువ్వు రాకపోతివి?"

"నీ వకీలు ఉన్నది చెప్తడంటివి గద. నేను ముద్దాయినే అని నువ్వే అంటివి. ముద్దాయి ఎవని కోసం సాక్ష్యం చెప్తడు?"

"తమ్ముని కోసం చెప్తడు."

కైలాసం మగ్గం మళ్లీ నడిపాడు. కావ్య ఖాళీ గ్లాసు కోసం ఆగలేదు. ఇద్దరి మాటలూ నిజమే కాబట్టి ఎవరికీ ఊరట కలగలేదు. ఆ తరువాత వాళ్ల మధ్య ఆ సంగతి రాలేదు.

ట్రిబ్యునల్‌లో ఇప్పటికి అయిదు వాయిదాలయ్యాయి. ప్రతి వాయిదాకు కల్నల్ శ్రీహరి హైదరాబాద్ పోతాడు, ఆ సాయంత్రమే ఫోను చేసి ఏం జరిగిందో చెబుతాడు. మొన్న అవతలి పక్క గడువు అడిగింది, మూడు నెలలు ఇచ్చారు. ఆ మాట విన్నాక కావ్య ఫోను బల్ల మీద పెట్టి, హైదరాబాద్‌లో ఇంకో పెద్ద వకీలు ఉన్నాడట, ఆయన దగ్గరికి పోదామా అని భర్తనడిగింది. నరేశ్ మగ్గం దుమ్ము అంటిన చేతులు కడుక్కుంటున్నాడు. తువ్వాలతో మెల్లగా తుడుచుకున్నాడు.

"ఎందుకు?" అన్నాడు. "ఆడ నా పక్కన కూసున్నది ఆయన ఒక్కడే."

కావ్య కంచం పెట్టింది. నరేశ్ అన్నం తిని, రెండో షిఫ్టుకు పోయాడు.